చేతిలో సూది, చెవిలో ఒడియా: పనిలో పనిగా భాష నేర్చుకోవడం

పర్లాకిమిడిలో ఒడియా ముక్క రాకుండానే ఒక జీవితం వెళ్లదీయవచ్చు. కూరగాయల బండి దగ్గర తెలుగు నడుస్తుంది, మందుల దుకాణంలో నడుస్తుంది, గుడిలో పూజారిగారితోనూ నడుస్తుంది. అటు పాతపట్నం నుంచి వచ్చిపోయే జనం ఎలాగూ తెలుగువాళ్లే. మనం ఉన్నది ఒడిశాలో అన్న సంగతి పిల్లల బడి నుంచి కాగితం వచ్చినప్పుడో, తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు చేతికిచ్చి నింపమన్నప్పుడో గుర్తుకొస్తుంది. అప్పుడు కంగారుపడి, ఆ వారమంతా నేర్చేసుకోవాలని కూర్చుంటాం. పై వారానికి ఆ కాగితం పని అయిపోతుంది, ఒడియా పని కూడా అయిపోతుంది.

నేను శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చి టైలరింగ్ దుకాణం పెట్టుకున్నాను. ఒడియా నేర్చుకున్నది ఆ దుకాణంలోనే, పని ఆపకుండానే. నా దగ్గర కుట్టు నేర్చుకునే తెలుగు ఆడపిల్లలకూ, కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లకూ చెప్పే పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను. బరంపురం, రాయగడ, గుణుపురం, జయపురం వైపు ఉన్నవారికి ఇది ఉన్నదున్నట్టు పనికొస్తుంది. మహారాష్ట్రలో ధర్మాబాదులోనో సిరొంచాలోనో ఉండి మరాఠీ నేర్చుకోవలసినవారు ఉదాహరణలు మార్చుకుంటే చాలు.

వేళ చూసుకోవద్దు, పని చూసుకోండి

"రోజూ అయిదున్నరకు లేచి గంటసేపు ఒడియా" అని కాగితం రాసి గోడకు అంటించినవాళ్లను చాలామందిని చూశాను. ఆ గంటకు ఒకరోజు చుట్టాలు అడ్డొస్తారు, ఒకరోజు కరెంటు పోతుంది, ఒకరోజు ఒంట్లో బాగుండదు. నాలుగు రోజులు తప్పాక గోడమీది కాగితం చూస్తేనే చిరాకు పుడుతుంది. ఇల్లూ దుకాణమూ రెండూ చూసుకునే మనిషికి విడిగా గంట ఎక్కడిది? రోజూ తప్పకుండా చేసే పని మాత్రం ఉంటుంది. చదువును ఆ పనికి తగిలించాలి.

ఏ పనికి ఏ చదువు తగిలించాలన్నది కొంచెం ఆలోచించి పెట్టుకోండి. నా మట్టుకు నాకు కుట్టుమిషను తొక్కుతున్నప్పుడు వినడం కుదరదు, దాని మోత దానిదే. కటింగ్ చేసేటప్పుడు అసలే కుదరదు, కత్తెర ఒక అంగుళం తప్పితే ఎదుటివాళ్ల చీర డబ్బులు మన నెత్తిన పడతాయి. హుక్సు కుట్టేటప్పుడు, కాజాలు తీసేటప్పుడు, చీరకు ఫాల్ వేసేటప్పుడు చేతులకే పని, చెవులు ఖాళీ. ఆ వేళకు రేడియో. ఇస్త్రీ చేసేటప్పుడు నోరు ఖాళీ కాబట్టి, విన్న వాక్యాలను పైకి అనుకోవడం. సాయంత్రం లెక్క రాసేటప్పుడు చేతిలో కలం ఎలాగూ ఉంటుంది కాబట్టి, దాని కిందనే అయిదు వరసలు ఒడియాలో రాసుకోవడం. మీరు వంట చేస్తారా, బస్సులో తిరుగుతారా, కొట్లో కూర్చుంటారా, దాన్ని బట్టి మీ జాబితా మారుతుంది. ఒక్క నియమం మాత్రం అందరికీ ఒకటే: ఒక పనికి ఒకటే తగిలించండి, నెలరోజులైనా మార్చవద్దు. ఫాల్ తీస్తేనే చెయ్యి దానంతటదే రేడియో వైపు వెళ్లాలి.

రేడియో అంటే పాత పెట్టే అక్కర్లేదు. ప్రసార భారతి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి కటక్ వంటి ఒడియా కేంద్రాలు ఫోనులోనే వస్తాయి. కొత్తవాళ్లకు పాటలకన్నా వార్తలు మేలు. పాటలో మాట సాగుతుంది, విరుగుతుంది. వార్తలో స్పష్టంగా ఉంటుంది. అదీ ఒకే వార్తా ప్రసారాన్ని రికార్డు చేసుకుని పదేపదే వినండి. మొదటిసారి అంకెలు మాత్రమే పట్టుకోండి. రెండోసారి ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు. మూడోసారి వాక్యం చివర వచ్చే క్రియలు. ఇలా వింటే అర్థం కాని చోటు కూడా ఎక్కడుందో తెలుస్తుంది, ఊరికే శబ్దంలా పోదు. వాతావరణం వార్త రోజూ దాదాపు అవే మాటలతో ఉంటుంది, మొదట చేజిక్కేది అదే.

కొలతల పుస్తకం

అన్నిటికన్నా మొండివి అంకెలు. తెలుగులో పదులు తెలిస్తే ముప్పై నాలుగు, నలభై ఆరు అని కట్టుకుంటూ పోవచ్చు. ఒడియాలో అలా కాదు. హిందీలోలాగే వంద దాకా ప్రతి సంఖ్యకూ దాదాపు విడి రూపం ఉంటుంది, బట్టీ పట్టక తప్పదు. అందుకని వందా ఒకేసారి మింగబోయి వదిలేస్తారు చాలామంది. మీ పనిలో రోజూ నోట్లో నానేవి పది పదిహేను సంఖ్యలకు మించవు, ముందు అవి నేర్చుకోండి. నాకైతే అవి జాకెట్టు కొలతలు. 32 అంటే బొతిసి, 34 చౌతిరిసి, 36 ఛొతిసి, 38 ఒఠొతిరిసి, 40 చాళిసి. అరలు లేకుండా ఏ కొలతా ఉండదు కాబట్టి సాఢే కూడా వెంటనే కావాలి: ముప్పై ఆరున్నర సాఢే ఛొతిసి. ఒకటిన్నరకు, రెండున్నరకు మాత్రం సాఢే పనికిరాదు, వాటికి దేఢొ, ఒఢేయి అని వేరే మాటలున్నాయి. బట్టల దుకాణంలో "దేఢ్ మీటరు" అనే మాట మన చెవికి ముందే తెలుసు.

ఇక అభ్యాసం. ఒడియా ఆవిడ ఎవరైనా జాకెట్టుకు కొలతలు ఇవ్వడానికి వస్తే, టేపు పెట్టి చూసి, పుస్తకంలో రాసే ముందు ప్రతి కొలతా ఒడియాలో పైకి చదువుతాను. ఛాతీ ఇంత, ఒంటా అంటే నడుము ఇంత, కాంధొ అంటే భుజం ఇంత, బేకొ అంటే మెడ లోతు ఇంత, హాతొ అంటే చెయ్యి ఇంత. ఆవిడ కళ్లు టేపు మీదనే ఉంటాయి. ఒక అంకె తప్పు పలికితే, "ఛొతిసి నుహేఁ, ఒఠొతిరిసి" (36 కాదు, 38) అని అక్కడికక్కడే అందుకుంటుంది. తన జాకెట్టు బిగుతైపోతుందన్న భయం ఉన్న మనిషికన్నా శ్రద్ధగల పంతులు దొరకరు. వెంట బడికి వెళ్లే పిల్ల ఉంటే ఆ కొలతలు తననే రాయమని పుస్తకం చేతికిస్తాను. ఒడియా అంకెలతో రాస్తుంది, మనకు అదొక పాఠం. బడి పుస్తకాలలోనూ, కాలెండర్లలోనూ ఆ అంకెలే ఉంటాయి. పైన తెరిచిన 8లా కనబడేది నిజానికి 4, అది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే సగం గందరగోళం తగ్గుతుంది.

ఈ పద్ధతి కుట్టుపనికే పరిమితం కాదు. కొట్లో కూర్చునేవారు తూకం, ధర, చిల్లర పైకి చెప్పండి. అంగన్‌వాడీలో పనిచేసేవారు పిల్లల బరువు, నెలలు పైకి చెప్పండి. చెప్పిన అంకె తప్పైతే ఎదుటి మనిషికి నష్టం కలిగేచోట అభ్యాసం చేయాలి, అక్కడైతే మొహమాటానికి ఊరుకోరు.

ఎదుటివాళ్లు తెలుగులోకి దిగిపోకుండా

సరిహద్దు ఊళ్లో పెద్ద చిక్కు ఇదే, ఏ పుస్తకమూ దీని గురించి చెప్పదు. మనం నోరు తెరిచి రెండు మాటలు అనగానే మన యాస వాళ్లకు తెలిసిపోతుంది. పాపం, మనకు కష్టం కలగకూడదని వెంటనే తెలుగులోకి వచ్చేస్తారు. "చెప్పమ్మా, పర్లేదు, తెలుగులోనే చెప్పు" అంటారు. ఆ మర్యాదకు మన చదువు బలి. కటక్‌లోనో భువనేశ్వర్‌లోనో అద్దెకు దిగిన తెలుగు పిల్లలు ఆరు నెలల్లో మాట్లాడేస్తారు గాని, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లలో కొందరు పెళ్లిళ్లయి పిల్లలు పుట్టినా తడబడతారంటే కారణం ఇదే.

దీనికి నోట్లో రెండు మూడు వాక్యాలు సిద్ధంగా ఉండాలి. నిద్రలో లేపినా రావాలి. "ము ఒడియా సిఖుఛి, ఒడియారే కుహొంతు": నేను ఒడియా నేర్చుకుంటున్నాను, ఒడియాలో చెప్పండి. "ఆఉ థొరే కుహొంతు": ఇంకోసారి చెప్పండి. "టికియే ధీరే": కాస్త నెమ్మదిగా. "ఏహాకు ఒడియారే కొణొ కొహొంతి?": దీన్ని ఒడియాలో ఏమంటారు? చివరిది దుకాణంలో మహా పనికొస్తుంది. బొత్తాం చూపించి అడగండి, అంచు చూపించి అడగండి, చినుగు చూపించి అడగండి. మొదటి వాక్యాన్ని ఒడియా అక్షరాలలో అందంగా రాయించి నా అద్దం పక్కన అంటించాను. కొత్తగా వచ్చిన ఆవిడ అద్దంలో చూసుకుంటూ అది చదివి నవ్వుతుంది, తరువాత ఇంక తెలుగులోకి రాదు.

అయినా కొందరు వస్తారు. రానివ్వండి. వాళ్లు తెలుగులో మాట్లాడితే మీరు ఒడియాలోనే జవాబు చెప్పండి. వాళ్లకూ తెలుగు నేర్చుకోవాలన్న ముచ్చట ఉంటుంది, ఇద్దరికీ లాభం.

ఇంకొక ఉపాయం, మనిషికి భాష కట్టేయడం. ఊరందరితో ఒడియా మాట్లాడతానని శపథం చేస్తే నిలవదు. ఒక పూలమ్మినో, ఒక పాలాయననో, పక్కింటి ఒక పెద్దావిడనో ఎంచుకోండి. ఆ ఒక్కరితో ఒడియా తప్ప వేరే మాట లేదని ఇద్దరూ ఒప్పందం చేసుకోండి. మాట దొరకకపోతే చెయ్యి ఊపండి, బొమ్మ గీయండి, తెలుగుకు మాత్రం రావద్దు. కొన్నాళ్లకు ఆ మనిషి కనబడితేనే నోటికి ఒడియా వస్తుంది, తెలుగులో మాట్లాడితేనే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఒకరితో అంత కుదిరాక రెండో మనిషిని చేర్చుకోండి.

ఎవరితో మొదలుపెట్టాలో కూడా చెబుతాను. మా గజపతి జిల్లా కొండల్లో సవరలు ఎక్కువ. బజారుకు వచ్చినప్పుడు జాకెట్లు, లంగాలు నా దగ్గర కుట్టించుకుంటారు. వాళ్ల ఇంటిభాష సవర, ఒడియా వాళ్లకూ నేర్చుకున్న భాషే. అందుకే వాళ్లలో చాలామంది ఒడియా చిన్న చిన్న వాక్యాలుగా, తొందర లేకుండా వస్తుంది. మన తప్పులకు నవ్వరు. మొదటి రోజుల్లో కాలేజీ పిల్లల గలగల ఒడియాకన్నా ఆ ఒడియా వినడం ఎంతో సులువు. నేర్చుకునేవాళ్లు నేర్చుకున్నవాళ్లతో మాట్లాడితే భాష చెడిపోతుందని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు.

సవర మాట వచ్చింది కాబట్టి ఈ ఊరి పెద్దమనిషి ఒకాయనను తలచుకోవాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడి రాజావారి బడిలో పాఠాలు చెప్పారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసి, వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి ఉపన్యాసాలు ఇస్తారు. ఆయన సవర నేర్చుకున్న తీరు గురించి మాత్రం ఎవరూ ఎక్కువ మాట్లాడరు. అప్పటికి సవరకు లిపి లేదు, పాఠ్యపుస్తకాలు లేవు. తెలుగూ సవరా రెండూ తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, మాటా మాటా అడిగి రాసుకుంటూ ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. పిల్లలకు ఆ భాషలో పాఠాలు రాశారు. వ్యాకరణం, నిఘంటువు 1930లలో అచ్చయ్యాయి. ఆయనకు దొరికినంత మనిషి ఈ ఊళ్లో మనకు వీధికొకరు దొరుకుతారు, వాళ్లను ఇంట్లో పెట్టుకోనక్కర్లేదు కూడా. రోజూ పావుగంట పక్కన కూర్చుంటే చాలు.

తెలుగు అక్షరాల నోటుపుస్తకం ఎంత త్వరగా మూస్తే అంత మంచిది

నేనిక్కడ ఒడియా మాటల్ని తెలుగు అక్షరాలతో రాస్తున్నాను, మీకు వేరే దారి లేదు కాబట్టి. మీ నోటుపుస్తకంలో మాత్రం మొదటి నెల దాటాక ఇలా రాయకండి. ఒడియాలో హల్లులో ఇమిడి ఉండే అచ్చు మన "అ" లాగా పలకదు, "ఒ"కు దగ్గరగా ఉంటుంది. నలుపును వాళ్లు మన లెక్కన "కళా" అని రాసి "కొళా" అని పలుకుతారు. తెలుగులో కళా అని రాసుకుంటే పలుకు తప్పుతుంది, కొళా అని రాసుకుంటే రేపు ఒడియాలో రాసేటప్పుడు అక్షరం తప్పుతుంది. శ, ష, స మూడూ రాతలో వేరు, మాటలో అన్నీ "స" లాగే వినబడతాయి. హ్రస్వ దీర్ఘాలు, ఇ ఈ, ఉ ఊ కూడా రాతలో ఉన్నంత తేడా మాటలో ఉండదు. చెవితో నేర్చుకున్నది చెవికి, కంటితో నేర్చుకున్నది కంటికి విడివిడిగా ఎక్కాలి.

లిపి చూడగానే భయపడతారు, అన్నీ గుండ్రటి తలలే అని. ఆ తల దాదాపు అన్నిటికీ ఒకటే కాబట్టి దాన్ని చూడటం మానేసి కింది భాగం చూడండి. ఒకదానిలా ఒకటి కనబడే అక్షరాలను గుంపులుగా పెట్టుకుని పక్కపక్కన రాయండి: ప, ఘ, ష, ఫ ఒక గుంపు, ఉ, డ, భ ఒక గుంపు. వరుసక్రమంలో దిద్దుకుంటే ఈ తికమక ఎప్పటికీ తేలదు, ఎదురెదురుగా పెడితేనే తేడా పట్టుబడుతుంది. ఏ-కారం గుర్తు హల్లుకు ఎడమ పక్కన వస్తుంది, పలికేది మాత్రం హల్లు తరువాతే. కంటికి అది అలవాటు కావడానికి కొన్నాళ్లు పడుతుంది. వత్తులు మనకు కొత్త కాదు, చాలావరకు మనలాగే కిందనే పెడతారు.

అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చాక పుస్తకం వదిలి వీధి పట్టండి. ఇంటికీ దుకాణానికీ మధ్య ఉన్న బోర్డులు రోజూ అవే. ఒక వారం ఒక వైపు, తరువాతి వారం రెండో వైపు చదువుతూ నడవండి. దుకాణంలో ఏం అమ్ముతారో ముందే తెలుసు కాబట్టి బోర్డు మీద ఏముండాలో ఊహించవచ్చు, ఊహించి చదివితే త్వరగా వస్తుంది. ఇంట్లో ఒడియా బడికి వెళ్లే పిల్లలుంటే వాళ్లచేత డిక్టేషను చెప్పించుకోండి. పిల్లలు జాలిపడరు. తప్పు కింద ఎర్రగీత గీసేటప్పుడు వాళ్ల మొహం చూడాలి!

మన తెలుగు ఎక్కడ ఆదుకుంటుంది

వ్యాకరణం పుస్తకాలు నేను పెద్దగా తిరగేయలేదు, కాని కొన్ని సంగతులు ముందే తెలిస్తే చాలా శ్రమ తప్పుతుంది. వాక్యం మనలాగే నడుస్తుంది, క్రియ చివర్లో. ఇంటికి అనడానికి ఘొరొకు అంటారు, ఆ కు మన కు లాంటిదే. లేదు, కాదు అన్న తేడా వాళ్లకూ ఉంది, లేదు అంటే నాహిఁ, కాదు అంటే నుహేఁ. హిందీ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ తికమకపడతారు, మనం పడనక్కర్లేదు. వస్తానని చెప్పాడు అన్నప్పటి "అని"కి బదులు బోలి పెట్టండి, వాక్యం అచ్చంగా మన అల్లికే. ళ మనకు పుట్టుకతో వచ్చినదే. పైగా వచ్చాడు, వచ్చింది అన్న తేడా కూడా లేదు, ఇద్దరికీ సే ఆసిలా. గౌరవంగా అయితే ఆసిలే.

కష్టం మరోచోట ఉంది. ఘొరొరే అంటే ఇంట్లో, ఘొరొరు అంటే ఇంటి నుంచి, ఘొరొరొ అంటే ఇంటి యొక్క. వేగంగా మాట్లాడితే మూడూ ఒకటే అనిపిస్తాయి. ఈ మూడింటిని ఒకే పేరాలో వచ్చేలా రోజూ ఒకటి రెండు వాక్యాలు రాయండి. ఇంకొకటి, ఒత్తక్షరాలు. మన మాటల్లో ఖ, ఘ, భ తేలిపోతాయి, వాళ్లకు అవి గట్టిగా కావాలి. భాతొ అంటే అన్నం, బాతొ అంటే వాతం. అన్నం తిన్నారా అని అడగబోయి ఏమడుగుతామో చూసుకోండి.

మర్యాద విషయంలో మొదట ఒకే దారి పట్టుకోండి. తు, తుమే, ఆపొణొ అని మూడు మెట్లున్నాయి. అందరినీ ఆపొణొ అనండి, ఏదైనా చేయమని చెప్పేటప్పుడు క్రియ చివర -అంతు పెట్టండి. చిన్నపిల్లను ఆపొణొ అంటే నవ్వుకుంటారు, పెద్దావిడను తు అంటే ముఖం తిప్పుకుంటారు. నవ్వు మేలు.

బొత్తాల డబ్బా

మాటలు మరిచిపోవడం గురించి బెంగ పెట్టుకోవద్దు, అందరూ మరిచిపోతారు. జర్మనీకి చెందిన హెర్మాన్ ఎబింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల ముక్కలు తానే బట్టీ పట్టి, ఎంతసేపటికి ఎంత పోతుందో లెక్కకట్టి 1885లో పుస్తకం వేశాడు. ఎక్కువ భాగం మొదటి రోజులోపే జారిపోతుందనీ, తరువాత జారడం నెమ్మదిస్తుందనీ తేల్చాడు. అంటే ఇవాళ నేర్చినది రేపు ఒకసారి, నాలుగు రోజులకు ఒకసారి, వారం పోయాక ఒకసారి చూడాలి. అదే రోజు పదిసార్లు చూడటం వృథా.

దీనికి సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన 1972లో అరల పెట్టె పద్ధతి ప్రచారంలోకి తెచ్చాడు. నేను బొత్తాలు వేసుకునే అయిదు అరల ప్లాస్టిక్ డబ్బా ఒకటి అందుకు కేటాయించాను. అట్టముక్కలు కొననక్కర్లేదు, జాకెట్టు గుడ్డల పెట్టెల అట్టలే చాలు. ఒకవైపు తెలుగు, రెండోవైపు ఒడియా. కొత్త ముక్క మొదటి అరలో పడుతుంది, దాన్ని రోజూ చూడాలి. సరిగ్గా చెప్పగలిగితే రెండో అరకు, అది రెండు రోజులకొకసారి. మూడోది వారానికి, నాలుగోది పదిహేను రోజులకు, అయిదోది నెలకు. ఎక్కడ తప్పినా తిరిగి మొదటి అరకే. దయ చూపించవద్దు.

రెండు జాగ్రత్తలు. అట్టమీద ఒంటరి మాట రాయకండి, వాక్యం రాయండి. "ఢిలా" (వదులు) అని రాస్తే వారానికి మరిచిపోతారు, "టికియే ఢిలా కొరిబే" (కాస్త వదులు చేయండి) అని ఎవరో నిజంగా అడిగినదాన్ని రాస్తే ఆ మనిషి మొహంతో సహా గుర్తుంటుంది. రెండోది, తెలుగు వైపు చూసి ఒడియా పైకి చెప్పాకే తిప్పండి. తిప్పి చూసి "ఆఁ, తెలుసులే" అనుకోవడం చదువు కాదు. అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు 2006లో విద్యార్థులతో చేసి చూపించారు: పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లకన్నా, పుస్తకం మూసి గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లకే వారం తరువాత ఎక్కువ గుర్తుంది.

సాయంత్రం రాసే అయిదు వరసల సంగతి కొంచెం. సాహిత్యం అక్కర్లేదు. ఎవరు వచ్చారు, ఏం ఇచ్చారు, ఎప్పుడు ఇస్తానన్నాను, ఎంత బాకీ. ము కాలి దేబి, నేను రేపు ఇస్తాను. టైలరుకు ఇంతకన్నా ఎక్కువగా వాడే వాక్యం ఉండదు! వారానికోసారి ఒడియా చదువుకున్న ఎవరికైనా చూపించండి. దిద్దవద్దనీ, తప్పు ఉన్నచోట గీత మాత్రం గీయమనీ అడగండి. దిద్ది ఇస్తే చూసి పక్కన పెడతాం, గీత గీసి ఇస్తే ఆలోచిస్తాం. ఫోనులో గూగుల్ అనువాదానికి 2020 నుంచి ఒడియా ఉంది. ఒక మాట సరిచూసుకోవడానికి వాడండి, మనిషి ఎదురుగా నిలబడి ఉండగా ఫోను తీయకండి.

పని ముదిరిన రోజుల్లో

జూన్ మధ్యలో రొజొ పండగ. మూడు రోజులు ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టుకుని ఉయ్యాలలూగుతారు. దానికి ముందు రెండు వారాలు నాకు అన్నం తినడానికి తీరదు. దసరాకు ముందూ అంతే, సంక్రాంతికి మన తెలుగువాళ్ల గుడ్డలు మీద పడతాయి. ప్రతి వృత్తికీ ఇలాంటి రోజులుంటాయి. అలవాట్లు పోయేది అప్పుడే. పూర్తిగా చేయలేమని పూర్తిగా మానేస్తాం, తరువాత మొదలుపెట్టడానికి మొహమాటం అడ్డొస్తుంది, మనకు మనమే చుట్టాలైనట్టు.

అందుకని తీరిక రోజుల ప్రణాళికతోపాటు పని రోజుల ప్రణాళిక కూడా ముందే రాసి పెట్టుకోండి. నాది చాలా చిన్నది. మొదటి అరలోని అట్టలు మాత్రం చూడటం, కొలతలు ఒడియాలో చెప్పడం. రేడియో లేదు, రాత లేదు, కొత్త మాటలు అసలే లేవు. గిరాకీ ఎక్కువ కాబట్టి ఆ రోజుల్లో మాట్లాడటం మామూలు రోజులకన్నా ఎక్కువే జరుగుతుంది. పండగ మర్నాడు పాత జాబితాకు వెళ్లిపోవాలి, తప్పిన రోజుల బాకీ తీర్చబోకూడదు.

ఏడాది గడిచాక ఏం చదవాలని అడుగుతారు. వార్తాపత్రిక తీసుకోండి. కథలకన్నా, వీధి కబుర్లకన్నా పత్రిక ఒడియా మనకు సులువంటే ఎవరూ నమ్మరు, కాని నిజం. అందులో సంస్కృతం మాటలు ఎక్కువ, అవి తెలుగు చదివినవాళ్లకు ముందే తెలుసు. విద్యాలయం, ప్రధానమంత్రి అన్నవి ఒడియా లిపిలో కూడబలుక్కోగానే తెలిసిపోతాయి. మొదటి పేజీ రాజకీయాలు వదిలి జిల్లా పేజీకి వెళ్లండి. మన ఊరి రోడ్డు, మన ఊరి ఆసుపత్రి, మన ఊరి రథయాత్ర గురించి రాస్తారు, సంగతి సగం మనకు తెలిసే ఉంటుంది. ఒక్క వార్త కత్తిరించి, తెలియని మాటల కింద గీత గీసి, మొదటి గిరాకీ వచ్చేదాకా చదవండి. ఆ మాటల్లో రెండింటిని వచ్చిన ఆవిడనే అడగండి. తరువాత కొలతలు తీయండి.